230 గ్రాముల దేవాంగ పిల్లి: పిల్లా, పెద్దదా?

తోట కంచె తీయిస్తుంటే పొదలో దొరికిన జంతువు గురించి మీరు రాసింది చదివాను. ముందు ఒక పని చేసి, ఆ తర్వాత ఇది చదవండి. నిన్న కొట్టించిన కంచె కంప తోటలో కుప్పగా పడి ఉంటే దానికి నిప్పు పెట్టించకండి. దేవాంగ పిల్లి (ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్) రాత్రి మేత వెతుక్కునేటప్పుడు ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది కానీ, పగటి నిద్ర మాత్రం తరచుగా కలిసే. తల్లి, పిల్లలు, ఒక్కోసారి తోడుగా మరొకటి ఒకే పొదలో ఉండలా చుట్టుకొని పడుకుంటాయి. మీ కూలీల చేతికి ఒకటి దొరికిందంటే మిగిలినవి ఆ కుప్పలోనే బిక్కుబిక్కుమంటూ ఉండవచ్చు. కర్రతో పొడిచి చూడవద్దు. ఒక్కో కొమ్మనూ ఎత్తి పక్కన పెట్టండి. పుట్టిన కొత్తలో పిల్ల పది, పదమూడు గ్రాములుంటుంది. నిమ్మకాయంత కూడా ఉండదు. చూపు పడినా కన్ను దాటేస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. సిద్ధవటం దగ్గర మామిడి తోట, పాత ముళ్ళ కంచె తీయించి తీగల కంచె వేయిస్తున్నారు. బలుసు పొదలో ఇది దొరికింది. తోక లేదు, గుండ్రటి పెద్ద కళ్ళు, కూరగాయల త్రాసులో 230 గ్రాములు తూగింది. గంప కింద పెట్టి ఉంచారు. మీ పాప పాలు, అరటిపండు పెడితే ముట్టలేదు. ఇది పిల్లేనా, ఇంకా ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, పెంచుకోవచ్చా అని అడిగారు. ఇంట్లో పెద్దావిడ ఇది అరిస్తే అరిష్టమని అంటున్నారనీ రాశారు.

ఇది పిల్ల కాదు. 230 గ్రాములంటే పూర్తిగా ఎదిగిన జంతువే. ఇక పెరగడమంటూ పెద్దగా ఉండదు.

నేను కడపలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కలివికోడి కోసం లంకమల దిగువన ముళ్ళ పొదల్లో రాత్రిళ్ళు నడిచిన వాళ్ళ వెనక టార్చి పట్టుకొని చాలా తిరిగాను. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ కనిపించింది మన జిల్లాలోనే. నాకు మాత్రం ఒక్కసారి కూడా దర్శనం ఇవ్వలేదు. దాన్ని వెతుకుతూ తల పైకెత్తినప్పుడల్లా కొమ్మల మధ్య నుంచి రెండు నారింజ రంగు నిప్పుకణాలు నన్ను చూస్తూ ఉండేవి. అలా ఈ జంతువుతో పరిచయం. ఆ కళ్ళు రెండూ బాగా దగ్గర దగ్గరగా, ముందు వైపుకే ఉంటాయి. మనిషి కళ్ళలాగా. పునుగు పిల్లి కళ్ళూ మెరుస్తాయి గానీ, వెలుతురు పడగానే అది చకచకా దాటుకుంటుంది. దేవాంగ పిల్లి కదలదు, లేదా తలను మెల్లగా, విసుగ్గా అన్నట్టు పక్కకు తిప్పుకుంటుంది.

పేరులో పిల్లి ఉన్నా ఇది పిల్లి జాతి కాదు. కోతులు, మనమూ ఉన్న కుదురులోనిదే. దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలోని బుష్‌బేబీలు, కాస్త దూరపు చుట్టాలు మడగాస్కర్ లెమూర్లు. తమిళులు దీన్ని తేవాంగు అంటారు, కన్నడిగులు కాడుపాప అంటారు. నన్నడిగితే కన్నడ పేరే బాగుంది. ఆ ముఖం చూస్తే నిజంగానే అడవిలో తప్పిపోయిన పసిపాపలా ఉంటుంది. మీరు పిల్ల అనుకోవడానికీ ఆ ముఖమే కారణం. ముసలి జంతువుకు కూడా అదే ముఖం.

పరిమాణం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. మన దగ్గర ఉన్నది బూడిద రంగు దేవాంగ పిల్లి. ముక్కు కొస నుంచి నడుం చివరి వరకు వెన్ను వెంబడి కొలిస్తే 18 నుంచి 26 సెంటీమీటర్లు. ఎదిగిన వాటి బరువు సుమారు 180 నుంచి 350 గ్రాముల మధ్య. పేపర్లలో ఒక్కోసారి అడుగున్నర పొడవున్న వింత జంతువు అని రాస్తారు. అది అబద్ధం కాదు, కొలిచిన తీరు వేరు. చేతులు పట్టి వేలాడదీస్తే పుల్లల్లాంటి పొడవాటి కాళ్ళు కిందికి సాగుతాయి, అప్పుడు అంత కనిపిస్తుంది. కాళ్ళూ చేతులూ మడుచుకొని కూర్చుంటే అదే జంతువు మీ దోసిట్లో పడుతుంది. ఇలా వేలాడదీయడం దానికి నరకం, అది వేరే చెప్పనక్కరలేదు.

శ్రీలంకలో దీని తమ్ముడులాంటి ఎర్ర రకం ఉంది, అది ఇంకా చిన్నది, నూరు, నూట డెబ్బై గ్రాముల మధ్యే. మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉండే దీని మరో చుట్టం స్లో లోరిస్ బొద్దుగా కిలో దాటుతుంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో చక్కిలిగింతలు పెడితే చేతులెత్తేది ఆ స్లో లోరిస్సే. అది ఆనందం కాదు. మోచేతి దగ్గర ఉన్న గ్రంథి స్రావాన్ని నోటికి అందించుకోవడానికి చేతులెత్తుతుంది, ఆ స్రావం ఉమ్మితో కలిస్తే కాటు విషమవుతుంది. అంటే భయంతో ఆయుధం తీస్తున్న జంతువును చూసి మనం మురిసిపోతున్నామన్నమాట. మీ పాపకు ఆ వీడియోలు చూసే అలవాటుంటే ఈ ఒక్క మాట చెప్పండి.

మీ త్రాసు 230 చూపిందన్నారు. నేనైతే ఆ అంకెను అటూ ఇటూగా తీసుకుంటాను. ఒకసారి అటవీ శాఖ బీట్ గార్డు రోడ్డు పక్కన దొరికిన దేవాంగ పిల్లిని గుడ్డసంచిలో వేసి తెచ్చాడు. సంచిని స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి తగిలించాను. ముల్లు 140 దగ్గర ఆగింది. ఇంత తక్కువేమిటి, జబ్బు పడిందా అనుకుంటూ చూస్తే, సంచి మూతి సందులోంచి సన్నటి చెయ్యి ఒకటి బయటికొచ్చి నా చొక్కా జేబును పట్టుకొని ఉంది. సగం బరువు నా జేబు మోస్తోంది! విడిపిద్దామంటే ఒక వేలు తీసేసరికి ఇంకో వేలు పట్టుకుంటుంది. బొటనవేలు మిగిలిన వేళ్ళకు దాదాపు ఎదురుగా తిరుగుతుంది, చూపుడువేలు మాత్రం పొట్టిగా ముడుచుకుపోయినట్టుంటుంది, అందుకే ఆ పట్టు పటకారు పట్టు. కాళ్ళూ చేతుల్లో రక్తనాళాలు జల్లెడలా అల్లుకొని ఉండడం వల్ల గంటల తరబడి కొమ్మను బిగించి పట్టుకున్నా తిమ్మిరెక్కదు. చివరికి ఒక వేప కొమ్మ అందిస్తే జేబు వదిలి దాన్ని పట్టుకుంది. కొమ్మతో సహా తూచి, తర్వాత కొమ్మ బరువు తీసేస్తే 255 గ్రాములు. మళ్ళీ తూచాల్సి వస్తే మీరూ అలాగే చేయండి, కానీ ఆ అవసరం లేదు. ఆ రోజు నా చొక్కాకు పట్టిన వాసన రెండు ఉతుకులకు గానీ పోలేదు. ఇది చేతులూ కాళ్ళూ మూత్రంతో తడుపుకుంటుంది, అది దాని అలవాటు.

ఇక ఆయుష్షు. ఇక్కడే ఈ జంతువు మనల్ని తికమక పెడుతుంది. మీ ఇంటి అటక మీది ఎలుక కూడా ఇంచుమించు ఇదే బరువుంటుంది. ఎలుకకు బయట ఏడాది బతికితే గొప్ప, ఇంట్లో పెంచినా రెండు మూడేళ్ళు. దేవాంగ పిల్లి పెంపకంలో పన్నెండు నుంచి పదిహేనేళ్ళు బతుకుతుంది. ఒకే బరువు, అయిదు రెట్ల ఆయుష్షు. అడవిలో గుడ్లగూబ, పాము, పునుగు పిల్లి, ఎండాకాలపు కార్చిచ్చు అన్నీ ఉంటాయి కాబట్టి పెంపకం లెక్కను ఉన్నదున్నట్టు అడవికి దించకూడదు. అయితే అడవిలోవి రెండు మూడేళ్ళకే పోతాయన్న మాటనూ నేను నమ్మను. బద్వేలు వెళ్ళే దారిలో ఒక చింతచెట్టు దగ్గర ఎడమ చెవి అంచు చిరిగిన ఆడ దేవాంగ పిల్లిని వరసగా నాలుగేళ్ళు చూశాను. మొదటిసారి చూసేనాటికే అది ఎదిగినది, పొట్టకు పిల్ల కరుచుకొని ఉంది. అంటే చివరిసారి చూసేటప్పటికి దానికి అయిదేళ్ళు నిండి ఉండాలి. అయిదో ఏడు వెళ్ళేసరికి చింతచెట్టే లేదు. రోడ్డు వెడల్పు చేశారు.

ఎందుకింత ఆయుష్షు అంటే, దాని బతుకంతా నిదానమే. ఇదే బరువున్న ఇతర క్షీరదాలతో పోలిస్తే దీని శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తి చాలా తక్కువ. పొయ్యి సన్నని మంట మీద వెలుగుతున్నట్టు. కదలిక కూడా అంతే. ఒక కాలు వదిలే ముందు మిగిలిన మూడూ పట్టు దొరికించుకుంటాయి. కొమ్మ ఊగదు, ఆకు చప్పుడు కాదు. గుడ్లగూబకు చప్పుడు చేయని వేట దొరకడం కష్టం. అలాగని బద్ధకస్తురాలని అనుకోకండి. ముళ్ళ మధ్య మిడత కనిపిస్తే రెండు చేతులూ ఒక్కసారిగా విసిరి పట్టేస్తుంది, మన కన్ను అందుకోలేదు.

సంతానంలోనూ ఇదే నిదానం. ఎలుక ఇరవై రెండు, ఇరవై మూడు రోజుల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఆరో ఎనిమిదో. దేవాంగ పిల్లి గర్భం సుమారు అయిదున్నర నెలలు, పుట్టేది ఒకటి లేదా కవలలు. గేదె పది నెలలు మోస్తుందంటే దాని ఒళ్ళంత ఒళ్ళుంది. ఇది పావు కిలో ప్రాణి, అయిదున్నర నెలలు మోస్తుంది! మొదటి మూడు నాలుగు వారాలు పిల్ల తల్లి పొట్టను కరుచుకొనే తిరుగుతుంది. ఆ తర్వాత తల్లి సాయంత్రం కాగానే పిల్లను ఒక సన్న కొమ్మ మీద కూర్చోబెట్టి మేతకు వెళ్ళి, తెల్లవారేలోగా వచ్చి తీసుకుంటుంది. పొలం పనికి వెళ్ళే తల్లి బిడ్డను చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వేసి వెళ్ళినట్టే. అలాంటి పిల్ల రాత్రి కొమ్మ మీద ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసిందని ఇంటికి తెచ్చేవాళ్ళున్నారు, అది పొరపాటు. పాలు మానడానికి అయిదారు నెలలు, పూర్తిగా ఎదగడానికి పది నెలల నుంచి ఏడాది. తల్లికి ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు కాన్పులు. ఎలుకలు వంద పోయినా ఆరు నెలల్లో లెక్క సరిపోతుంది. ఒక కంచెలో నాలుగు దేవాంగ పిల్లులు పోతే ఆ కంచె ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంటుంది.

మీ దగ్గరున్నదాని వయసు ఎంతో తెలుసుకోవాలని అడిగారు. అనుభవం ఉన్న పశువైద్యులు పళ్ళ అరుగుదలను బట్టి పడుచుదా, ముసలిదా అని చెప్పగలరు, అంతకు మించి ఏళ్ళు లెక్కగట్టడం కుదరదు. మీరు నోరు తెరిపించే ప్రయత్నం చేయకండి, కరుస్తుంది. చిన్న నోరే అయినా రక్తం వచ్చేలా కరుస్తుంది. ఆడదో మగదో చూడటంలోనూ ఒక మెలిక ఉంది. ఆడదాని జననాంగం కూడా పొడుచుకొచ్చినట్టుండి మగదానిలా కనిపిస్తుంది. మా విద్యార్థులు ఏటా పొరపడేవాళ్ళు, మొదట్లో నేనూ పొరపడ్డాను. వృషణాలు కనిపిస్తే మగది. చన్నులు సాగి ఉంటే ఈనిన ఆడది.

పాలు, అరటిపండు ముట్టకపోవడంలో వింతేమీ లేదు. దీని తిండి దాదాపు అంతా పురుగులే. చీమలు, చెదలు, పేడపురుగులు, మిడతలు, అప్పుడప్పుడు చిన్న బల్లి, కొంచెం తుమ్మ జిగురు. తమిళనాడులో దిండిగల్ వైపు ముళ్ళ అడవుల్లో పరిశోధకులు నెలల తరబడి వెంట తిరిగి చూశారు, అది తినేది ఇంచుమించు అంతా జీవాలే అని తేలింది. (ఆ ప్రాంతంలోనే 2022లో కడవూర్ దేవాంగు అభయారణ్యం ఏర్పాటైంది, 11,806 హెక్టార్లు. ఒక్క ఈ జంతువు కోసమే. మన దగ్గర అలాంటిది ఇంకా లేదు.) కంపు కొట్టే, ఘాటైన పురుగులను కూడా వదలదు. అలాంటిది నోట్లో పడగానే కళ్ళు గట్టిగా మూసి, తల విదిలించి, తుమ్మి, చొంగ కార్చుకుంటూ నమలడం చూశాను. పచ్చిమిరపకాయ బజ్జీ తినే పిల్లవాడికి కళ్ళ నీళ్ళొస్తున్నా ప్లేటు వదలడే, అచ్చం అలాగే. మీ తోటలో అది తినే పురుగుల్లో మామిడిని తినేవీ ఉంటాయని గుర్తుంచుకోండి.

పెంచుకోవచ్చా అన్నారు. వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు ఇది, పులితో సమానంగా. పట్టినా, ఉంచుకున్నా కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ వరకు జైలు. దొరికిన వెంటనే చెప్పేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు, నాలుగు రోజులు దాచుకుంటేనే చిక్కు. చట్టం సంగతి అటుంచినా, రోజుకు గుప్పెడు బతికున్న పురుగులు మీరు పట్టి పెట్టగలరా? పదేళ్ళపాటు? పైగా పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు. మీ పాప బడి నుంచి వచ్చి నిద్రకు సిద్ధమయ్యే వేళకు అది నిద్ర లేస్తుంది.

పెద్దావిడకు నా నమస్కారాలు చెప్పండి. అరుపు నిజమే, రాత్రిపూట సన్నటి ఈల వేసినట్టు అరుస్తుంది, తెలియనివాళ్ళకు గుండె జల్లుమంటుంది. అది పక్క పొదలోని తోటి జంతువుకు నేనిక్కడున్నాను అని చెప్పడం. అరిష్టం మనుషుల నుంచి దానికే వస్తోంది. అమావాస్య పూజలకనీ, కంటి మందుకనీ దీన్ని పట్టి అమ్మేవాళ్ళున్నారు. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి రెండు వేలిస్తాం, అయిదు వేలిస్తాం అంటే వాళ్ళ సంగతీ అటవీ శాఖకే చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది. గంపకు బదులు, పక్కన నాలుగు గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టె తీసుకోండి. లోపల బొటనవేలంత లావున్న కొమ్మ ఒకటి అడ్డంగా బిగించండి, పట్టుకోవడానికి ఏమీ లేకపోతే అది హడలిపోతుంది. మందపాటి తువ్వాలుతో వీపు వైపు నుంచి పట్టుకొని మార్చండి, చెయ్యి పట్టి లాగవద్దు. చీకటిగా, చప్పుడు లేనిచోట ఉంచండి. కుక్కను కట్టేయండి. ఒక్క పగలు తిండి లేకపోయినా ఏమీ కాదు, చిన్న మూతలో నీళ్ళు చాలు. ఈలోగా మీ దగ్గరి అటవీ రేంజి ఆఫీసుకు ఫోన్ చేయండి. గాయం ఉంటే వాళ్ళు తీసుకెళ్తారు. గాయం లేకపోతే దొరికిన చోటే వదలమంటారు, నేనూ అదే అంటాను. దూరంగా లంకమల అడవిలో వదిలితే మేలనుకోవచ్చు. కానీ దాని రాజ్యమంతా నాలుగైదు ఎకరాలు. ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకు దారి ఉందో ఆ నాలుగెకరాల్లోనే దానికి తెలుసు. అడవి నడిమధ్యకు తీసుకెళ్ళి వదలడమంటే మనల్ని భాష తెలియని ఊళ్ళో అర్ధరాత్రి బస్సు దింపడమే.

కంచె ఇంకా ఎంత మిగిలి ఉందో మీరు రాయలేదు. ఉన్నంత మేర ఆపేయండి. తీగల కంచెను ముళ్ళ కంచెకు ఇవతల వేసుకోవచ్చు, రెండు మూడు అడుగుల నేల పోతుంది, అంతే. బలుసు, కలివి, రేగు, చండ్ర కలగలిసి అల్లుకున్న పాత కంచె ఒకసారి పోతే మళ్ళీ రావడానికి పాతికేళ్ళు పడుతుంది.

చీకటి పడ్డాక, ఇంట్లో దీపం పెట్టి అరగంట గడిచాక, పెట్టెను మిగిలిన కంచె మొదట్లో పెట్టి, కొమ్మ కొస పొదకు తగిలేలా ఆనించి మూత తీయండి. ఇరవై అడుగులు వెనక్కి రండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, తెల్ల వెలుతురు దాని కళ్ళకు కొడుతుంది. పాపనూ తీసుకెళ్ళండి, మాట్లాడకుండా కూర్చోగలిగితే. వెంటనే బయటికి వస్తుందని చూడకండి. పది నిమిషాలు పట్టవచ్చు, అరగంట పట్టవచ్చు. ముందు ఒక చెయ్యి వస్తుంది, కొమ్మను తడుముతుంది, ఆగుతుంది. తర్వాత రెండో చెయ్యి.

వదిలే ముందు ఒక్కసారి చన్నుల దగ్గర చూడండి. వెంట్రుకలు తడిసి అంటుకొని ఉంటే పాలిచ్చే తల్లి అన్నమాట. అప్పుడు కంప కుప్పను ఈ సాయంత్రమే మళ్ళీ ఒకసారి, అడుగు వరకు వెతకండి.